గుర్రం ఎక్కాలంటే: ముందు కాలు, తర్వాత నోరు, ఆ తర్వాతే జీను

మూడేళ్ల క్రితం మా మేనల్లుడి పెళ్లి విజయనగరంలో జరిగింది. ఊరేగింపుకి ఒక తెల్ల గుర్రాన్ని అద్దెకు మాట్లాడాం. గంటస్తంభం దాటి కొంచెం దూరం వచ్చామో లేదో, అది వెనక ఎడమ కాలు నేలకి పూర్తిగా ఆనించడం మానేసింది. బ్యాండు ఆపించి, తెలిసిన పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. "వెనక కాలు మోకాలి దగ్గర ఏదో అయిందండీ, మోకాలు వెనక్కి తిరిగిపోయింది" అన్నాను కంగారుగా. ఆయన నిదానంగా, "మీరు మోకాలు అంటున్నది మడమండీ. అది పుట్టినప్పటినుంచీ అలాగే ఉంటుంది. మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ముందు డెక్క ఎత్తి అడుగు చూశారా?" అని అడిగారు.

చూడలేదు. ఎత్తడం మాలో ఎవరికీ రాదు. గుర్రంతో వచ్చిన కుర్రాడు ఎత్తి చూపిస్తే, అడుగున గాడిలో బొటనవేలి గోరంత కంకర రాయి ఇరుక్కుని ఉంది. పెళ్లికొడుకు దిగి కారెక్కాడు. ఆ రాయితో అది ఎంతసేపటినుంచి నడుస్తోందో, మాకెవరికీ పట్టలేదు.

ఆ రోజు నుంచి గుర్రం ఒంటి భాగాల పేర్లు పట్టుదలగా నేర్చుకున్నాను. పేరు తెలిస్తే నొప్పి ఎక్కడుందో డాక్టరుకి చెప్పగలం. అసలు నొప్పి ఉందని గమనించగలం కూడా. స్వారీ నేర్చుకోబోతున్నవాళ్లకీ, పెళ్లికి గుర్రం మాట్లాడేవాళ్లకీ, చింతపల్లి బీచ్ ఇసుకలో ఒక్కసారి ఎక్కి చూద్దాం అనుకునేవాళ్లకీ కూడా ఇది పనికొస్తుంది.

దగ్గరికి వెళ్లడం

గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. అందుకే దాదాపు తన చుట్టూ అంతా దానికి కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు: సరిగ్గా మూతి ముందు కొద్ది మేర, తోక వెనక. మనవాళ్లు చనువుగా వెళ్లి నిలబడేది ఖచ్చితంగా ఆ రెండు చోట్లే! ఒకరు నుదురు నిమరబోతారు, ఇంకొకరు వెనక నుంచి ఫొటో తీస్తారు.

మీరు ఎడమ వైపు నుంచి, భుజం దిశగా, మాట్లాడుతూ నడవండి. ఏం మాట్లాడినా ఫర్వాలేదు, గొంతు వినిపించాలి. ముందు మెడ మీద చెయ్యి వేయండి. మొహం మీద వద్దు. చెవులు మీవైపు తిరిగితే మిమ్మల్ని గమనిస్తోందని అర్థం. చెవులు వెనక్కి వాలి తలకి అతుక్కుపోయాయంటే కోపంగా ఉంది, అక్కడే ఆగండి. ఒక వెనక కాలు సడలించి, కింది పెదవి వేలాడేసి నిలుచుంటే కునుకు తీస్తోంది. గుర్రం కాళ్లలోని కీళ్లు గొళ్లెం పెట్టినట్టు బిగుసుకోగలవు కాబట్టి నిలబడే కునుకు తీస్తుంది. గాఢనిద్రకు మాత్రం పడుకోవాల్సిందే. అలా కునుకులో ఉన్న గుర్రాన్ని గొంతు వినిపించకుండా తాకకండి.

చేత్తో పటం గీయడం

ఇప్పుడు మెడ మీదున్న చేతిని తీయకుండా ఒళ్లంతా నడిపించండి. మెడ మీద జూలు, నుదుటి మీద పడే ముంగురులు. జూలు ముగిసేచోట వీపు మొదలవుతూ చిన్న గుట్టలా ఎత్తుగా ఉండేది మూపు. గుర్రం ఎత్తు కొలిచేది నేల నుంచి మూపు దాకా, తల దాకా కాదు. తల పైకీ కిందకీ కదులుతుంది, మూపు కదలదు. ఈ కొలతను 'హ్యాండ్'లలో చెప్తారు, ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 14.2 అన్నారంటే దశాంశం అనుకోకండి, 14 హ్యాండ్ల 2 అంగుళాలు, అంటే 58 అంగుళాలు. సుమారు 147 సెంటీమీటర్లు. సాధారణంగా అంతకన్నా పొట్టివాటిని పోనీ అంటారు.

మూపు వెనక వీపు, దాని వెనక నడుము, ఆపైన తుంటి, తోక మొదలు. పక్కటెముకలు అయిపోయాక మెత్తగా లోపలికి ఉండేది డొక్క. జీను పడేది వీపు మీదే, నడుము మీదికి జారకూడదు. నడుము కింద ఆనడానికి పక్కటెముకలు లేవు.

కాళ్ల దగ్గర తొందరపడకండి, నేను తప్పు చెప్పింది ఇక్కడే. మీ కుడిచేతి మధ్యవేలి కొనను బల్ల మీద నిలబెట్టి, మణికట్టు పైకెత్తండి. గుర్రం ముందు కాలు ఇదే. గోరు దాని డెక్క. వేలి మొదట్లో మన పిడికిలి బిగిస్తే ఉబ్బే కణుపు, డెక్కకి పైన గుండ్రంగా కనిపించే కీలు. దాన్ని ఇంగ్లీషులో ఫెట్‌లాక్ అంటారు, డాక్టర్లూ అలాగే అంటారు. మీ అరచేతిలోని పొడుగు ఎముక గుర్రానికి నిటారుగా నిలిచిన సన్నటి కాలిభాగం. అందరూ గుర్రం మోకాలు అని పిలిచేది నిజానికి మణికట్టు. మోచెయ్యి ఛాతీ దగ్గరికి వెళ్లిపోయింది. వెనక కాలికి కూడా ఇదే లెక్క. వెనక్కి వంగినట్టు కోసుగా కనిపించేది మడమ, అసలు మోకాలు డొక్క కింద దాగి ఉంటుంది. కాబట్టి గుర్రమంటే నాలుగు గోళ్ల మీద నిలబడ్డ జంతువు. మణికట్టుకి దిగువన కండ లేదు, నరాలూ ఎముకా, కండని ఎముకకి కట్టే తాళ్లలాంటి స్నాయువులూ తప్ప. అక్కడ దెబ్బ తగిలితే మెత్తగా కాచుకునేది ఏదీ ఉండదు.

ఒక్క వేలి మీద ఎందుకు నిలబడింది? సుమారు 5 కోట్ల 50 లక్షల ఏళ్ల క్రితం ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగిన గుర్రం పూర్వజుడు కుక్కంత ఉండేవాడు. ముందు కాళ్లకి నాలుగేసి, వెనక కాళ్లకి మూడేసి వేళ్లు. మెత్తటి అడవి నేల మీద వేళ్లు పరుచుకుంటే లాభం. అడవులు తగ్గి గడ్డిమైదానాలు పెరిగాక దాక్కునే చోటు పోయింది, మిగిలింది పరుగు. లక్షల తరాల మీద మధ్యవేలు బలిసింది, పక్కవేళ్లు కుంచించుకుపోయాయి. ఇప్పటికీ ఆ పొడుగు ఎముకకి అటూ ఇటూ పుల్లల్లాంటి రెండు చిన్న ఎముకలు ఉంటాయి. అవి పోయిన వేళ్ల ఆనవాళ్లే. వాటి మీద వేలు పెట్టి మెల్లగా తడమండి. మీ వేలికొస కింద ఎన్ని యుగాలు ఉన్నాయో ఆలోచిస్తే నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో విచిత్రం, గుర్రం పుట్టింది అమెరికాలోనే అయినా సుమారు 10 వేల ఏళ్ల క్రితం అక్కడ అంతరించిపోయి, మళ్లీ స్పెయిన్‌వాళ్ల ఓడల్లోనే అక్కడికి చేరింది. ఈనాటి పెంపుడు గుర్రాల వంశం నల్లసముద్రానికి ఎగువన వోల్గా, డాన్ నదుల గడ్డిమైదానాల నుంచి సుమారు 4,200 ఏళ్ల క్రితం లోకమంతా పాకిందని జన్యు పరిశోధనల్లో తేలింది. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62. రెండింటికీ పుట్టే కంచరగాడిదకి 63. బేసి సంఖ్య కాబట్టి జతలు కుదరక దానికి దాదాపు ఎప్పుడూ పిల్లలు పుట్టవు.

డెక్క ఎత్తి చూడటం

ఇది నేర్చుకోకుండా జీను ముట్టుకోకండి.

ఎడమ భుజం పక్కన, తోక వైపు తిరిగి నిలబడండి. మీ ఎడమ చేతిని భుజం నుంచి కాలి వెనక వైపుగా కిందికి జారనివ్వండి. ఫెట్‌లాక్ పైన సన్నటి చోట వేళ్లతో మెల్లగా నొక్కి, మీ భుజంతో గుర్రాన్ని కొద్దిగా అవతలికి ఒత్తండి. బరువు అవతలి కాలి మీద పడగానే ఇది తేలిక అవుతుంది. అప్పుడు ఎత్తి, డెక్కను మీ అరచేతిలో ఉంచుకోండి. ఎత్తనివ్వకపోతే లాగకండి, బలంలో మీరెప్పుడూ ఓడతారు. వెనక కాలి దగ్గర శరీరానికి ఆనుకునే నిలబడాలి. చేరువగా ఉంటే తోస్తుంది, దూరంగా ఉంటే పూర్తి ఊపుతో తంతుంది.

ఇప్పుడు అడుగు చూడండి. చుట్టూ ఉన్న గట్టి అంచు డెక్క గోడ. లాడం మేకులు దిగేది అందులోకే. అది మన గోరులాంటిది కాబట్టి మేకు సరైన చోట పడితే నొప్పి ఉండదు. మధ్యలో వెనక నుంచి ముందుకి బాణం ములికిలా సాగే మెత్తటి రబ్బరులాంటి భాగం ఉంటుంది. దానికి రెండు పక్కలా లోతైన గాళ్లు. మా పెళ్లి గుర్రం రాయి ఉన్నది అలాంటి గాడిలోనే. డెక్క గీకే కొక్కెంతో డెక్క వెనక అంచు నుంచి ముందుకి గీకండి. ఎదురుగా గీకితే మెత్తటి భాగం చీరుకుంటుంది. అడుగు వేసినప్పుడల్లా ఈ మెత్తటి భాగం, దాని పైనున్న మెత్త నొక్కుకుని రక్తాన్ని పైకి పంపుతాయి. రోజంతా కొట్టంలో కట్టేసిన గుర్రం కాళ్లు వాచేది ఈ పని ఆగిపోవడం వల్లే.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో వానాకాలం పొడుగు. బురదలో, పేడలో నిలబడ్డ డెక్క గాళ్లలో నల్లటి జిగురు, ముక్కు మూసుకునేంత కంపు వస్తే అది కుళ్లు. రోజూ గీకి, కడిగి, ఆరనిచ్చి, కింద పొడి ఊకో గడ్డో వేస్తే మొదట్లోనే ఆగుతుంది. మేకు గుచ్చుకుని కనిపిస్తే మాత్రం మీరు పీకకండి. ఎంత లోతుకి, ఏ దిశలో దిగిందో డాక్టరు చూడాలి. గుర్రాలకి ధనుర్వాతం చాలా త్వరగా వస్తుంది, టీకా వేయించారా అని యజమానిని అడగడం మీ హక్కు. డెక్క నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి 6 నుంచి 8 వారాలకోసారి చెక్కించి లాడాలు మార్పించాలి.

మా చిన్నప్పుడు స్టేషన్ దగ్గర ఆగే జట్కాల్లో ఒక తాత, పిల్లల్ని ఎక్కించుకునే ముందు నాలుగు డెక్కలూ తట్టి చూసేవాడు. "కాలు సూసుకోవాలి బాబూ, మొకం తరవాత" అనేవాడు. అప్పుడు అర్థం కాలేదు.

కుంటుతోందా లేదా తేల్చుకోవాలంటే గట్టి నేల మీద తాడు వదులుగా పట్టుకుని పరుగులాంటి నడక నడిపించమనండి. ముందు కాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి ఎగురుతుంది. నొప్పి లేని కాలు తాకినప్పుడు తల కిందికి దిగుతుంది. మెడలో బరువైన పూలదండలు, మొహానికి జరీ కుచ్చులు కట్టాక ఈ తేడా కనిపించదు. అలంకారానికి ముందే చూడండి.

నోరు

పై పెదవి కొద్దిగా ఎత్తితే ముందు పళ్లు కనిపిస్తాయి. వీటితో వయసు చెప్పొచ్చు. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లప్పుడు ఒక్కో జత పాలపళ్లు ఊడి గట్టివి వస్తాయి, అయిదేళ్లకి ముందువరుస పూర్తవుతుంది. పై దవడ చివరి ముందుపంటి మీద సుమారు పదేళ్లకి చిగురు దగ్గర గోధుమరంగు గాడి మొదలై, 15కి సగం దాకా, 20కి కొస దాకా దిగుతుంది. పది దాటాక పళ్ల లెక్క ఉజ్జాయింపే. "ఆరేళ్ల గుర్రం" అని చెప్పినప్పుడు ఈ గాడి పొడుగ్గా ఉంటే మాత్రం మాట్లాడాల్సిందే.

ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య చిగుళ్లు ఖాళీగా ఉంటాయి. కళ్లెం ఇనుము ఆనేది అక్కడే. వట్టి చిగురు, దాని కింద ఎముక. పగ్గం గట్టిగా గుంజినప్పుడల్లా ఆ ఇనుము అక్కడ నొక్కుతుంది. నోటి మూలల్లో పుండ్లు, గట్టిపడ్డ మచ్చలు ఉన్న గుర్రాన్ని నేను ఎక్కను, ఎవరినీ ఎక్కనివ్వను.

వంశం సంగతి

చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకేటట్టు ఉంటే మార్వారీ లేదా కాఠియావాడీ రక్తం ఉన్నట్టే. మొదటిది రాజస్థాన్‌ది, రెండోది గుజరాత్‌ది. హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో పరుగెత్తేవి థరోబ్రెడ్‌లు. వాటి మగవంశాలన్నీ 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు చేరిన మూడు తూర్పుదేశాల పోతుగుర్రాల దగ్గరికి వెళ్లి కలుస్తాయి. పెళ్లిళ్లకి వచ్చేవి తరచూ కలగలుపు జాతులు. అందులో తప్పేమీ లేదు, కాళ్లు బాగుంటే చాలు.

నాలుగు కాళ్లూ, మొహమూ తెల్లగా ఉంటే పంచకళ్యాణి అంటారు, శుభం అంటారు. సుడులు చూసి ధర పెంచేవాళ్లూ తగ్గించేవాళ్లూ ఉన్నారు. సుడి స్థానం ఒక్కో గుర్రానికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి గుర్తింపు పత్రాల్లో రాసుకోవడానికి మంచి గుర్తు. అంతకు మించి నేను నమ్మను. మంచి సుడి ఉన్న కుంటి గుర్రం కుంటి గుర్రమే.

జీను వేసి ఎక్కడం

ముందు బరువు చూసుకోండి. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకపోవడం మంచిది. 300 కిలోల గుర్రానికి 60 కిలోలు. పెళ్లికొడుకుతో పాటు మరో పిల్లాణ్ణి ముందు కూర్చోబెడదామని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. ఎండ ముదరకముందే, వేసవిలో ఉదయం ఏడింటిలోపే పని ముగించండి.

జీను మూపు వెనక పడాలి, మూపు ఎముక మీద కాదు. పొట్ట కింది పట్టీ బిగించాక రెండు వేళ్లు దూరాలి. చాలా గుర్రాలు పట్టీ బిగిస్తున్నప్పుడు పొట్ట ఉబ్బిస్తాయి, అందుకే నాలుగడుగులు నడిపించి మళ్లీ చూడండి. రికాబు, అంటే పాదం పెట్టే కడియం, పొడుగు సరిచూడాలంటే, చేతివేళ్ల కొసలు రికాబు పట్టీ మొదట్లో ఆనించి, రికాబును చంక దాకా చాపండి. చేరితే చాలావరకు సరిపోయినట్టే. చెప్పులతో ఎక్కకండి. చిన్న మడమ ఉన్న బూటు కావాలి, లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది. తలకి హెల్మెట్ తప్పనిసరి.

ఎడమ పక్క నుంచి ఎక్కుతారు. కత్తి ఎడమ నడుముకి వేలాడే రోజుల నుంచి వచ్చిన అలవాటిది. పగ్గాలు ఎడమ చేత్తో, కొద్ది జూలుతో కలిపి పట్టుకోండి. ఎడమ పాదం రికాబులో పెట్టి లేచి, కుడి కాలు తుంటికి తగలకుండా దాటించి, బస్తాలా పడిపోకుండా మెల్లగా కూర్చోండి. దాని వెన్నెముక మీ కింద ఉంది. మీ చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలి. మడమ కిందికి దిగాలి.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి రథానికి ఏడు గుర్రాలు, పగ్గాలు అనూరుడివి. అనూరుడంటేనే తొడలు లేనివాడు. రథం తోలేవాడికి పగ్గాలు చాలు. మీరు గుర్రం మీదే కూర్చున్నారు కాబట్టి మాట్లాడాల్సింది తొడలతో, పిక్కలతో, కూర్చున్న తీరుతో. పిక్కలతో మెల్లగా ఒత్తితే నడుస్తుంది. లోతుగా కూర్చుని ఊపిరి వదిలి వేళ్లు బిగిస్తే ఆగుతుంది. పగ్గం ఆఖరి మాట. బెదిరి పరుగందుకుంటే రెండు పగ్గాలూ గుంజకండి. ఒక పగ్గంతో తలను పక్కకి తిప్పి, చోటుంటే పెద్ద వలయంగా తిప్పుతూ, వలయం చిన్నది చేసుకుంటూ రండి.

నడకలు చెవితో నేర్చుకోవడం తేలిక. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల మన విజయనగరంలోనే ఉంది కదా, ఆ లెక్కలోనే చెప్తాను. మామూలు నడక నాలుగు దెబ్బలు: త-క-ధి-మి, ఒక్కో డెక్క విడిగా. ట్రాట్, అంటే పరుగులాంటి నడక, రెండు దెబ్బలు: త-క, త-క. ముందు ఎడమతో వెనక కుడి, ముందు కుడితో వెనక ఎడమ, ఐమూలగా జతలు. ఇందులోనే కుదుపు ఎక్కువ కాబట్టి ఒక దెబ్బకి లేచి, ఒక దెబ్బకి కూర్చోవడం నేర్పుతారు. క్యాంటర్, అంటే మెల్లటి దౌడు, మూడు దెబ్బలు: త-కి-ట, ఆ తర్వాత చిన్న నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయి. దౌడులో మళ్లీ నాలుగు దెబ్బలు, విడదీసి వినలేనంత వేగంగా. మన సంస్కృత నిఘంటువులు నడకల్ని ధారలంటూ అయిదు పేర్లు చెప్పాయి: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. మొదటి నెల మీకు తకధిమి చాలు.

చింతపల్లి బీచ్‌లాంటి చోట ఎక్కితే నీటి అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక మీదే నడిపించమనండి. లోతైన పొడి ఇసుకలో కాలి స్నాయువులు తెగేంత లాగుడు పడుతుంది.

తిండి, తర్వాతి పని

ఉలవలు మన దగ్గర వరికోత తర్వాత వేసే పంట. ఇంగ్లీషులో దాని పేరే గుర్రం పప్పు. నానబెట్టిన, ఉడికించిన ఉలవలు మంచివే, కానీ పిడికిళ్ల లెక్కలోనే. గుర్రానికి అసలు తిండి గడ్డి. రోజుకి దాని బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, అదీ విడతలుగా. కడుపు చిన్నది, పేగులు పొడుగు, పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. ఒక్కసారిగా గింజలు కుమ్మరిస్తే కడుపునొప్పితో పడి దొర్లుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. 13వ శతాబ్దంలో దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో, ఓడల్లో దిగిన గుర్రాలకి అన్నం, మాంసం వండి పెడుతున్నారనీ, చూసుకోవడం తెలియక చాలావరకు చచ్చిపోతున్నాయనీ రాశాడు. శ్రీకాకుళంలో తవుడు చవగ్గా దొరుకుతుందని అదే దాణాగా పెట్టేవాళ్లున్నారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే తింటే ఎముకల్లోని కాల్షియం కరిగి, మొహం ఎముకలు ఉబ్బిపోతాయి.

స్వారీ తర్వాత రికాబులు రెండూ వదిలేసి, రెండు కాళ్లూ కలిపి నేల మీదికి జారండి. వెంటనే పొట్ట పట్టీ ఒక రంధ్రం వదులు చేయండి. పది నిమిషాలు చేత్తో నడిపించండి. దవడ ఎముక కింద వేలు పెడితే నాడి తగులుతుంది. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 దాకా ఉండాలి. పావుగంట తర్వాత కూడా 60 పైనే ఉంటే నీడకి తీసుకెళ్లి ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ ఉండండి. తగ్గకపోతే డాక్టరుకి చెప్పండి. తాగడానికి నీళ్లు ఎదురుగా పెట్టండి.

జీను తీసి, దాని కింద చెమట మచ్చ చూడండి. రెండు వైపులా ఒకేలా తడిస్తే జీను సరిగ్గా కూర్చున్నట్టు. తడి మధ్యలో పొడి మచ్చ ఉంటే అక్కడ నొక్కుతోందన్న మాట. ఆ తర్వాత ఎడమ భుజం పక్కన, తోక వైపు తిరిగి నిలబడి, చెయ్యి కిందికి జారనిచ్చి, నాలుగు డెక్కలూ ఒక్కొక్కటిగా మళ్లీ ఎత్తి చూడండి.